మంచు కట్టని చలి

ఉదయం ఏడు కావస్తోంది. కిటికీ బయట ఇంకా చీకటే. జనవరి నెల కాబట్టి ఎడ్మంటన్‌లో సూర్యుడు పైకి రావడానికి మరో గంటన్నర పైనే పడుతుంది. కెనడా పశ్చిమాన అల్బర్టా రాష్ట్రానికి రాజధాని ఈ ఊరు. నార్త్ సస్కాచెవాన్ నది మీద మంచు పలక కట్టింది. సున్నాకు పాతిక డిగ్రీల దిగువన చలి. నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న అల్బర్టా విశ్వవిద్యాలయంలో ఒక ల్యాబ్ బల్ల ముందు మీరు నిలబడ్డారు. ఒంటి మీద తెల్లకోటు, చేతులకు గ్లవ్స్. ఎదురుగా ట్రే నిండా పగలగొట్టిన ఐసు. ఆ ఐసులో సగం మునిగిన డబ్బా. డబ్బాలో ఒక మనిషి మోకాలి నుంచి వచ్చిన ఎముక.

మూత తీయండి. ముందుగా కంటికి తగిలేది తెలుపు. తడిగా, నున్నగా, కాస్త నీలిఛాయతో మెరిసే తెలుపు. వేలితో నొక్కితే ఇంచుక లొంగి, వేలు తీయగానే మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. ఇదే మృదులాస్థి. మోకాలి గుజ్జు అని మన ఇళ్ళలో అనుకునేది దీన్నే. తొడ ఎముక చివరి గుండ్రని భాగం మీద రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందాన పరుచుకుని ఉంది. ఆ మనిషి జీవితమంతా వేసిన అడుగుల బరువు మోసింది ఈ పొరే.

ఆ మనిషి ఎవరో మీకు తెలియదు. డబ్బా మీద పేరు లేదు, అంకెలే ఉన్నాయి. ఆత్మీయులు పోయిన వేళ, ఏడుపు ఇంకా ఆగకముందే, ఒక కుటుంబం కాగితం మీద సంతకం చేసి దీన్ని ఇచ్చింది. కాబట్టి గదిలో ఎవరూ దీన్ని విసురుగా ముట్టుకోరు.

మొదటి పని కోత. అంచు పదునుగా ఉన్న స్టీలు గొట్టాన్ని ఎముక మీద నిలువుగా ఆనించి లోపలికి దించుతారు. బయటికి తీస్తే సెంటీమీటరు వెడల్పున్న గుండ్రని ముక్క వస్తుంది. పైన తెల్లని గుజ్జు, కింద దాన్ని అంటుకున్న ఎర్రని ఎముక. ఈ రెండింటినీ విడదీయకూడదు. రేపు ఇది ఎవరి మోకాలిలోకైనా వెళ్తే, అక్కడి ఎముకతో అతుక్కునేది కింది ఎముకే. గుజ్జు గుజ్జుతో తనంతట తాను అతుక్కోలేదు.

ఎందుకు అతుక్కోలేదో తెలియాలంటే ఆ తెలుపులోకి ఇంకా దగ్గరగా చూడాలి. అక్కడ రక్తనాళాలు లేవు. నరాలు లేవు. మూడింట రెండు వంతులకు పైగా నీరే. మిగిలినది కొలాజెన్ పోగులూ, ఆ పోగుల నడుమ నీటిని పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్లూ. ఆ దట్టమైన అల్లికలో అక్కడక్కడ చిన్న గదులు, వాటిలో ఒంటరిగానో జంటగానో కూర్చున్న కణాలు. వీటి పేరు కాండ్రోసైట్లు. మొత్తం పరిమాణంలో వీటి వాటా నూటికి కొద్ది పాళ్ళే. ఆ కొద్ది కణాలే చుట్టూ ఉన్న అల్లికను జీవితాంతం మరమ్మతు చేస్తూ ఉంటాయి. కీలులోని ద్రవం నుంచి మెల్లగా ఇంకి వచ్చే పోషణే వాటి తిండి. దెబ్బ తగిలితే రక్తం చేరదు, కొత్త కణాలు పరుగెత్తుకు రావు, గాయం మానదు. చెడిపోయిన మృదులాస్థి తిరిగి కోలుకోదని విలియం హంటర్ లండన్‌లోని రాయల్ సొసైటీకి 1743లోనే చెప్పాడు. దాదాపు మూడు వందల ఏళ్ళు కావస్తున్నా ఆ మాట ఇప్పటికీ చెల్లుతూనే ఉంది.

ఇప్పుడు ఈ బల్ల అవతల, ఏదో ఊళ్ళో ఉన్న ఇంకో మనిషిని తలచుకోండి. వయసు పాతికో ముప్ఫయ్యో. ఆటలో పడి మోకాలి గుజ్జులో ఒక ముక్క ఊడిపోయింది. ఎముక బయటపడింది. మెట్లు దిగితే ప్రాణం పోయినంత పని. లోహపు కీలు వేయడానికి వయసు మరీ చిన్నది, ఆ కీలు అరిగి మళ్ళీ మార్చాల్సి వస్తుంది. అతనికి కావలసింది మరొకరి మోకాలి నుంచి, అదే చోటి నుంచి, అదే వంపుతో, ప్రాణంతో ఉన్న ముక్క. ఇలాంటి మార్పిడిని టొరంటోలో ఆలన్ గ్రాస్ అనే సర్జన్ 1972లో మొదలుపెట్టాడు. దీనికో వెసులుబాటు ఉంది. కణాలు అల్లికలో దాక్కుని ఉంటాయి కాబట్టి శరీరపు రక్షణ వ్యవస్థ వాటి జోలికి అంతగా రాదు. మూత్రపిండం మార్చినప్పటిలా బతికినంత కాలం మందులు మింగనక్కర్లేదు. కుదరాల్సింది కొలత. వంపు తేడా వస్తే కొత్త ముక్క అంచు పైకి లేచి, అడుగడుగునా ఎదుటి ఎముకను గీరుతుంది.

అది కుదరడానికే సమయం చాలదు. ముక్కను పోషక ద్రావణంలో వేసి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడతారు. రోగక్రిములు లేవని తేల్చే పరీక్షలకు రెండు వారాలు పోతాయి. నాలుగు వారాలు దాటేసరికి కణాలు చచ్చిపోతూ, బతికినవి నూటికి డెబ్బయి కంటే తగ్గిపోతాయి. అలాంటి ముక్క వేసినా ఎక్కువ కాలం నిలవదు. అంటే మిగిలేది సుమారు రెండు వారాలు. ఆ రెండు వారాల్లో సరిపోయే మోకాలు దొరకాలి, ఆ మనిషికి కబురు వెళ్ళాలి, అతను ఉద్యోగం, ఇల్లు వదిలి రావాలి, సర్జన్‌కు ఆపరేషన్ థియేటర్ ఖాళీగా ఉండాలి. ఒక్కటి తప్పినా సంతకం చేసి ఇచ్చిన ఆ కానుక చెత్తబుట్ట పాలవుతుంది. అమెరికాలో మిస్సోరి విశ్వవిద్యాలయం వారు ప్రత్యేక ద్రావణంలో, గది ఉష్ణోగ్రత దగ్గర ఉంచి ఈ గడువును 56 రోజులకు పెంచారు. అది పెద్ద మేలే. అయినా గడువు గడువే.

అలాగైతే డీప్ ఫ్రీజర్‌లో పడేస్తే పోదా? రక్తాన్నీ, వీర్యాన్నీ, పిండాలనూ ఏళ్ళ తరబడి గడ్డకట్టించి ఉంచుతున్నారు కదా? ఈ ప్రశ్నకు జవాబు కోసమే మీరు ఈ రోజంతా ఇక్కడ ఉంటారు.

చలి కణాన్ని చంపదు. మంచు చంపుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు శుద్ధమైన నీటి అణువులు మాత్రమే స్ఫటికంలో చేరతాయి. ఉప్పులు బయట మిగిలి చిక్కబడతాయి. ఆ చిక్కదనం కణంలోని నీటిని లాగేస్తుంది. త్వరగా చల్లబరిస్తే కణం లోపలే స్ఫటికాలు పుట్టి పొరలను చీలుస్తాయి. 1949లో ఇంగ్లండ్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు గ్లిజరాల్ కలిపితే కోడిపుంజు వీర్యకణాలు గడ్డకట్టినా బతుకుతాయని కనుక్కున్నారు. ఆ ముగ్గురిలో ఒకరైన ఆడ్రీ స్మిత్ 1965లో మృదులాస్థి నుంచి వేరుచేసిన కణాలను గడ్డకట్టించి బతికించింది. విడిగా తేలే కణాలకు అది సరిపోయింది. అల్లికలో ఇరుక్కున్న కణాలకు సరిపోలేదు. నెమ్మదిగా గడ్డకట్టించి కరిగించిన ముక్కను నిలువుగా కోసి చూస్తే, పైపొరలో కొన్ని, ఎముకను ఆనుకుని కొన్ని బతికి ఉంటాయి. నడుమ అంతా శవాలే.

అందుకే ఇక్కడ ఈ ముక్కను గడ్డకట్టించరు. గాజుగా మారుస్తారు. పంచదార పాకాన్ని గుర్తుచేసుకోండి. పొయ్యి మీద నుంచి దించి వదిలేస్తే పలుకులు కట్టి తెల్లబడుతుంది. కాసిని నిమ్మరసం చుక్కలు పిండితే పలుకు కట్టకుండా, చిక్కబడి, పారదర్శకంగా నిలిచిపోతుంది. నీటి విషయంలోనూ ఇదే సాధ్యం. స్ఫటికంగా సర్దుకునే అవకాశం ఇవ్వకుండా చల్లబరిస్తే నీటి అణువులు ఉన్నచోటనే నిలిచిపోతాయి. ద్రవంలో ఉన్న అమరికే ఉంటుంది, కదలిక మాత్రం ఉండదు. శుద్ధమైన నీటిని ఇలా చేయాలంటే సెకనుకు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లబరచాలి. సెంటీమీటరు ముక్కను ఎవరూ అంత వేగంగా చల్లబరచలేరు. నీటితో కలిసి స్ఫటికాన్ని అడ్డుకునే రసాయనం చాలినంత ఉంటే మాత్రం ఆ వేగం అక్కర్లేదు. 1985లో రాల్, ఫాహీ ఈ పద్ధతిలో ఎలుక పిండాలను మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంచి తిరిగి బతికించారు.

కష్టమంతా ‘చాలినంత’ అన్నచోటే ఉంది. మంచును ఆపే రసాయనమే, అంత మోతాదులో, కణానికి విషం. వెచ్చగా ఉంటే మరీ విషం. చల్లగా ఉంటే విషం తగ్గుతుంది, కానీ ముక్కలోకి ఇంకడం మందగిస్తుంది. పైపొరలో ఉన్న కణానికి మొదటి నిమిషం నుంచే రసాయనం తగులుతుంది. అడుగున ఎముకను ఆనుకున్న కణానికి గంటలు గడిస్తేగాని చేరదు. అడుగు కణానికి మంచు కట్టకూడదు, ఈ లోగా పై కణం చావకూడదు. రెండూ ఒకేసారి నెరవేరాలి.

సరిగ్గా ఏడు. మొదటి పాత్ర సిద్ధంగా ఉంది. నీళ్ళలా కనిపించే ఈ ద్రావణంలో ఉన్నది డైమిథైల్ సల్ఫాక్సైడ్. మనిషి చర్మం గుండా కూడా దూరిపోయే గుణం దానిది. చేతులకు గ్లవ్స్ అందుకే. ద్రావణం సున్నా డిగ్రీల దగ్గర ఉంది. ముక్కను చిమటాతో పట్టి మెల్లగా దించుతారు. గడియారం నొక్కుతారు. మొదట ముక్క కాస్త కుంచించుకుపోతుంది, బయటి చిక్కదనం లోపలి నీటిని లాగేస్తుంది కాబట్టి. తర్వాత రసాయనం ఇంకుతున్నకొద్దీ మళ్ళీ నిండుతుంది. ఇదంతా ఒక మిల్లీమీటరులో కొద్ది వంతు మార్పు. కంటికి ఆనదు.

గోడ మీద అతికించిన కాగితంలో నాలుగు వరసలు ఉన్నాయి. ఒక్కో వరసలో రసాయనం, మోతాదు, ఉష్ణోగ్రత, సమయం. ఇది 2012లో బయోమెటీరియల్స్ పత్రికలో అచ్చైన పద్ధతి. నాడర్ జోమా అనే ఎముకల సర్జన్, జానెట్ ఎలియట్ అనే కెమికల్ ఇంజనీరు, లాక్స్‌లీ మెగాన్ అనే శీతల జీవశాస్త్రజ్ఞుడు తమ బృందంతో కలిసి కుదిర్చిన లెక్క. మూడు చదువులు ఒకే బల్ల దగ్గర కూర్చోకపోతే ఈ కాగితం పుట్టేది కాదు. ఏ ముక్క ఎవరికి ఎంత అవసరమో సర్జన్‌కు తెలుసు. కణం ఎక్కడ చస్తుందో జీవశాస్త్రజ్ఞుడికి తెలుసు. విద్యుదావేశం నిండిన ఆ ఉబ్బే అల్లికలోంచి రసాయనం ఏ లోతుకు ఎప్పుడు చేరుతుందో ఇంజనీరు సమీకరణాలు చెబుతాయి. తడిమి తడిమి చూస్తూ పోతే ఎన్ని మోకాళ్ళు ఖర్చయ్యేవో ఆలోచించండి. లెక్క కట్టడం ఇక్కడ దాత పట్ల చూపిన మర్యాద కూడా.

రెండో పాత్రలో గ్లిజరాల్. ఇదీ సున్నా డిగ్రీలే. ఈ దశ చాలాసేపు సాగుతుంది. ఎప్పటికో సూర్యుడు లేచాడు, కిటికీలోంచి ఏటవాలు వెలుగు బల్ల మీద పడింది. మీకు ఆకలి వేస్తోంది. అయినా గడియారం మీద నుంచి చూపు తిప్పబుద్ధి కాదు.

మూడో పాత్ర మధ్యాహ్నం. ప్రొపిలీన్ గ్లైకాల్, మైనస్ 10 డిగ్రీలు. అంత చలిలో ముక్క గడ్డకట్టదా అని మీకు సందేహం రావాలి. కట్టదు. ఇప్పటికే లోపలికి చేరిన రసాయనాలు దాని ఘనీభవన స్థానాన్ని అంతకంటే కిందికి దించేశాయి. రసాయనం పెరుగుతున్నకొద్దీ ఘనీభవన స్థానం దిగుతుంది. అది దిగుతున్నకొద్దీ చలి పెంచవచ్చు. చలి పెంచినకొద్దీ విషం తగ్గుతుంది. మంచుకు ఒక్క మెట్టు పైన నిలుస్తూ దిగే ఈ ఆలోచనను ఫరాంట్ అనే శాస్త్రజ్ఞుడు 1965లో ప్రతిపాదించాడు. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో డేవిడ్ పెగ్ బృందం 2006లో దాన్ని మృదులాస్థి మీద ప్రయోగించి చూపింది.

నాలుగో పాత్ర ఎథిలీన్ గ్లైకాల్, మైనస్ 15 డిగ్రీలు. నాలుగు రసాయనాలు ఎందుకంటే, ఏ ఒక్కదాన్నీ కణం భరించలేనంత వాడకుండా, అన్నీ కలిసి మంచును ఆపేంత పోగుచేయడానికి. చివరి నిమిషాలు. గదిలో మాటలు తగ్గాయి. మొత్తం తొమ్మిదిన్నర గంటలు. జనవరిలో ఎడ్మంటన్‌కు దక్కే పగటి కంటే ఇది ఎక్కువ.

నాలుగున్నర. ముఖానికి అడ్డంగా పారదర్శకపు షీల్డు దించుకోండి. నేల మీద ఉన్న లోహపు పీపా మూత తీయగానే తెల్లని ఆవిరి అంచు దాటి పాదాల మీదికి పారుతుంది. లోపల ద్రవ నైట్రోజన్, మైనస్ 196 డిగ్రీలు. ముక్క ఉన్న గొట్టాన్ని పట్టకారుతో దించుతారు. సలసలమని మరిగే చప్పుడు. పక్కనే పోలిక కోసం ఉంచిన మరో గొట్టం ఉంది, అందులో రసాయనం లేదు. అది కళ్ళముందే తెల్లబడింది. అది మంచు. మన గొట్టం మాత్రం తేటగా ఉంది. ద్రావణం గుండా అవతలి వైపు కనిపిస్తోంది. కొద్ది నిమిషాల్లో మరగడం ఆగింది. సుమారు మైనస్ 120 డిగ్రీల దిగువన ఆ ద్రవం గాజయిపోయింది. ఇక అక్కడ రసాయన చర్యలు జరగవు. కణం తినదు, ఊపిరి తీయదు, ముసలితనం రాదు. చావదు కూడా. ఏ నెలలో తెరిచినా ఇవాళ్టి లాగే ఉంటుంది.

అదే సాయంత్రం మరో పీపాలోంచి మూడు నెలల కిందట దించిన గొట్టాన్ని పైకి తీస్తారు. చల్లబరచడం కంటే వెచ్చబరచడమే గండం. గాజు మెత్తబడే దారిలో అణువులకు మళ్ళీ కదలిక వస్తుంది. ఆ కాసేపట్లో స్ఫటికాలు పుట్టవచ్చు. మెల్లగా చేస్తే ఇన్ని గంటల శ్రమా ఆ నిమిషంలో పోతుంది. 37 డిగ్రీల నీటి తొట్టిలో గొట్టాన్ని ముంచి గబగబా తిప్పుతారు. కరిగీ కరగగానే ముక్కను తీసి చల్లని పోషక ద్రావణంలో వేసి, ద్రావణాన్ని మార్చి మార్చి లోపలి రసాయనాలను కడిగేస్తారు. విషం ఎంత ఓపికగా లోపలికి పోయిందో, బయటికి రావడానికీ అంత జాగ్రత్త కావాలి.

కడిగిన ముక్క నుంచి వెంట్రుక మందపు పొరను నిలువుగా కోస్తారు. రెండు రంగులు వేస్తారు. ఒకటి బతికిన కణాన్ని ఆకుపచ్చగా వెలిగిస్తుంది. రెండోది పొర చిరిగిన కణంలోకే పోగలదు, దాన్ని ఎర్రగా చూపిస్తుంది. గదిలో దీపాలు ఆర్పుతారు. మీరు మైక్రోస్కోపు మీదికి వంగుతారు. పైపొరలో పలచగా పడుకున్న కణాలు, నడుమ గుండ్రని కణాలు, అడుగున నిలువు వరసలు. ఎరుపు ఉంది, అంచుల్లో ఎక్కువగా. అయితే పాత పద్ధతిలో శవాలు నిండిన నడిమి పొర ఇప్పుడు పచ్చగా ఉంది. 2012 నాటి ఫలితాల్లో బతికిన కణాలు సగటున నూటికి 75.4. వాటిని వేరుచేసి పెంచితే మళ్ళీ కొలాజెన్‌ను, అల్లికకు కావలసిన ఇతర పదార్థాలను తయారుచేశాయి. అంటే మూడు నెలలు ఆగి, లేచి, పనిలోకి దిగాయి.

పని ఇంకా మిగిలే ఉంది. సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల ముక్కలతో సాధించింది మొత్తం మోకాలి వంపుతో సాధించాలి. ముక్క పెరిగినకొద్దీ గాజు పగిలే ప్రమాదం పెరుగుతుంది. తొమ్మిదిన్నర గంటలు ఏ టిష్యూ బ్యాంకుకైనా బరువే. ఆ సమయాన్ని తగ్గించే లెక్కలను అదే బృందం తర్వాతి ఏళ్ళలో కట్టింది. గుజ్జును సన్నగా తరిగి గాజుగా మార్చే దారినీ పరీక్షించింది. ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. అరవై దాటి, మోకాళ్ళు రెండూ అరిగిపోయిన మన అమ్మలకు ఇది వైద్యం కాదు. కీలంతా అరిగితే లోహపు కీలే దారి. ఇది ఒకచోట గుంట పడి, మిగతా కీలు బాగున్న పడుచువాళ్ళ కోసం.

అయినా దీని వెనకున్న న్యాయం మనకు కొత్త కాదు. అవయవదాన పథకం జీవన్‌దాన్ పేరు తెలిసిన తెలుగు ఇళ్ళకు, ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు కార్నియాలు అప్పగించిన కుటుంబాలకు, ఆసుపత్రి వరండాలో సంతకం చేయడమంటే ఏమిటో తెలుసు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1988లో ఏర్పాటైన టిష్యూ బ్యాంకు దానంగా వచ్చిన ఎముకను శుద్ధి చేసి ఇస్తోంది. ఎముకకు లోపలి కణాలు బతికి ఉండనక్కర్లేదు, చట్రం ఉంటే చాలు. గుజ్జుకు ప్రాణం ఉండాలి. మన అవయవ మార్పిడి చట్టంలోకి 2011 సవరణతో కణజాలాలు కూడా వచ్చాయి. చట్టం గుర్తించిన దానాన్ని విజ్ఞానం కాపాడగలగాలి.

ఇచ్చేవారి చావుకూ, పుచ్చుకునేవారి అవసరానికీ ముహూర్తం ఒకటి కాదు. ఇన్నాళ్ళూ ఆ రెంటి నడుమ కొద్ది వారాల గడువనే గోడ ఉంటూ వచ్చింది. ఒకరు ఇచ్చింది మరొకరికి అందకుండా పోతే, తప్పు ఎవరిదీ కాకపోయినా నష్టం ఇద్దరిదీ. ఈ ల్యాబ్‌లో ఒక సర్జన్, ఒక ఇంజనీరు, ఒక జీవశాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి డిగ్రీలనూ నిమిషాలనూ లెక్కపెట్టింది ఆ గోడ తీసేయడానికే. ఈ పద్ధతి ఆసుపత్రులకు చేరిన రోజున సర్జన్ వంపు సరిపోయే ముక్క దొరికేదాకా ఆగగలడు, దూరపు ఊరి మనిషి తన వంతు వచ్చినప్పుడు తీరికగా బయలుదేరగలడు, దాత కుటుంబానికి మీరిచ్చింది వృథా పోలేదని చెప్పగలిగే వీలుంటుంది. అలా చెప్పగలగడం కోసం తొమ్మిదిన్నర గంటలు నిలబడటం ఎక్కువేమీ కాదు.